పత్తిచేల పాట వాయించిన మాస్టరు

మా బ్యాండు మాస్టరు చనిపోయాడన్న కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది.

జగిత్యాలలో నేను పనిచేసే షాపులో పొద్దున షట్టరు ఎత్తి, కంప్యూటరు ముందు కూర్చున్నాక మొదట ఫోనే చూస్తాను. పుట్టినరోజులు, నాయకుల శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. ఆ రోజు మొదట వచ్చింది మాస్టరు ఫోటో. పంపినవాడు ఆయన బ్యాండులో పెద్ద డోలు కొట్టే అన్న. కోరుట్ల మనిషి. ఫోటో కింద రెండు ముక్కలు రాశాడు: "మాస్టరు తెల్లారంగ పోయిండు. ఫ్లెక్సీ నువ్వే చెయ్యాలె, వేరేటోనికి ఇయ్యకు."

శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు వందలు చేసినవాణ్ని నేను. వెనకాల నీలి ఆకాశం, ఒక మూల దీపం, ఇంకో మూల ఎగిరే పావురాలు, అన్నీ తయారుగా ఉంటాయి. మొఖం అతికించడమే తరువాయి. ఆ రోజు ఆ మొఖాన్ని పావురాల మధ్య పెట్టలేకపోయాను. పావురాలు తీసేశాను. దీపం తీసేశాను. ఆకాశం కూడా తీసేశాను. కింద అలవాటుగా 'కళారంగానికి తీరని లోటు' అని కొట్టి, చదువుకుని, నా మీద నాకే అసహ్యమేసి చెరిపేశాను. బతికున్నప్పుడు ఏ కళారంగమూ ఆయన గడప తొక్కలేదు. చివరికి 'మాస్టరు' అని ఒక్క మాట పెట్టాను.

మా ఓనరు చూసి, "ఏందిరా, గింత ఖాళీగ చేసినవ్? ఎవరు, మనోళ్లా?" అన్నాడు.

"తెలిసినాయన" అన్నాను. తెలిసినాయనట! ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో!

ఫ్లెక్సీ మిషను మనిషిని పైనుంచి కిందికి, గీత గీతగా అచ్చు వేస్తుంది. ముందు నెరిసిన జుట్టు వచ్చింది. తరవాత నుదురు, కనుబొమలు, కళ్లు. ముక్కు కూడా చూశాను. పెదవులు వచ్చే వేళకు లేచి రోడ్డు మీదికి వెళ్లిపోయాను. ఎందుకు వెళ్లానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చదివేవాళ్లకు ముందు ఆయన ఎవరో తెలియాలి. సిరిసిల్లలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటాం. మా నాయిన సాంచెలు నడుపుతాడు. పొద్దున లేచింది మొదలు ఆ సాంచెల చప్పుడు తప్ప ఇంకేదీ వినబడని గల్లీ అది. ఆ చప్పుడులో కూర్చుని సంగీతం సాధన చేసిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. "సాంచె తాళం తప్పదురా. గిసోంటి డోలు ఏ రాజుకున్నది?" అని నవ్వేవాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. పెద్దలకు, పిల్లలకు, చివరికి ఆయన భార్యకు కూడా ఆయన మాస్టరే. అందుకని నేనూ పేరు రాయను.

ఆయన చెయ్యి పెట్టని వాయిద్యం లేదు. అసలు పని క్లారినెట్టు. కానీ భజనకు పిలిస్తే హార్మోనియం పట్టుకుని పోయేవాడు. ఢోలకు మనిషి రాకపోతే ఢోలకు మీద కూర్చునేవాడు. బళ్లో వార్షికోత్సవానికి క్యాసియో వాయించేవాడు. గణపతి ముందు, పీర్ల ముందు, క్రిస్మస్‌కు చర్చిలో, శవం ముందు, పెండ్లి ముందు, ఎన్నికలప్పుడు ఏ జెండా వాళ్లు పిలిస్తే ఆ జెండా ముందు. ఇలా ఎవరు పిలిస్తే వాళ్ల ముందు ఊదడమే నాకు కడుపుమంట. అది తరవాత చెప్తాను.

క్లారినెట్టు నోటి దగ్గర బిగించే సన్నని బద్ద ఒకటి ఉంటుంది. అది తడిగా ఉంటేనే పలుకుతుంది. వాయించే రోజు ఆయన పొద్దుటి నుంచే దాన్ని పెదవి మూలన పెట్టుకుని తిరిగేవాడు. కొత్తవాళ్లు బీడీ అనుకుని అగ్గిపెట్టె ఇవ్వబోయేవాళ్లు. ఆ బద్ద నోట్లో ఉన్నంతసేపు మాట్లాడడు, తలకాయతోనే అవును, కాదు. పెండ్లి ఒప్పుకుంటే మాత్రం దాన్ని తీసి జేబులో వేసుకుని, నేరుగా పెండ్లిపిల్ల దగ్గరికి పోయేవాడు. "బిడ్డా, నీకేం పాట కావాలె?" అని అడిగేవాడు. ఇంటాయన్ని అడగడు, వీడియో తీసేవాణ్ని అడగడు. ఆ పిల్ల ఏం చెప్తే అదే మొదటి పాట. చావింటికి పోతే ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ముసలామె పక్కన కూర్చుని, పోయినాయనకు ఏ పాట ఇష్టమో కనుక్కునేవాడు. ఆమె ఏడుస్తూ ఒక ముక్క కూనిరాగం తీస్తే చాలు, కాటికి పోయేలోపు అది ఆయన క్లారినెట్టులోకి వచ్చేసేది.

కానీ ఆయన పాటలన్నిటి వెనక ఇంకో మనిషి ఉన్నాడు. ఆయన అమెరికా మనిషి.

పెండ్లయిన కొత్తలో మాస్టరు గల్ఫుకు పోయాడు. ఎడారిలో పైపులైను పని. ఆ క్యాంపులో లారీలు బాగుచేసే నల్ల అమెరికా ముసలాయన ఒకడుండేవాడట. సెలవురోజు బట్టలు ఉతుక్కుంటూ టేప్‌రికార్డరులో ఒకటే క్యాసెట్టు తిప్పి తిప్పి పెట్టేవాడట. అందులో గిటారు, మౌతార్గాన్, ఫిడేలు, పియానో ఒకటి తరవాత ఒకటి వచ్చేవి. ఒక గొంతు పాడేది. "నలుగురైదుగురు ఉన్నరనుకున్న. అందరూ ఒక్కడేనట!" అని మాస్టరు ఎన్నిసార్లు చెప్పినా కళ్లు పెద్దవి చేసే చెప్పేవాడు.

ఆ పాటగాడి కథను మెకానిక్కు సగం హిందీలో, సగం ఇంగ్లీషులో, మిగతాది చేతులతో చెప్పాడట. పాటగాడిది పత్తి పండే సీమ. చిన్నప్పుడు తల్లితోపాటు పత్తి ఏరాడు. భూమి వేరేవాళ్లది, నడుములు వీళ్లవి. ఎవరో పారేసిన గిటారు మీద నేర్చుకున్నాడు. శనివారం తాగేవాళ్ల దగ్గర పియానో, ఆదివారం గుడిలో పాట, తెల్లదొరల నాట్యాలకు ఫిడేలు, రైలుస్టేషను బయట మౌతార్గాన్. రికార్డులు వేసేవాళ్లు వచ్చి, 'నువ్వు ఈ ఏడుపు పాటలే పాడు, మిగతావి మాకొద్దు' అంటే, నాకు వచ్చినవన్నీ నావే అని వాళ్లతో తగువు పడ్డాడట. తరవాత పత్తి మిల్లులో ఒక చేతి వేళ్లు రెండు పోయాయి. గిటారు పక్కన పెట్టి మౌతార్గాన్ పట్టుకున్నాడు. చచ్చేదాకా ఎవరు పిలిస్తే వాళ్లకు వాయించాడు.

క్యాంపు విడిచిపోయేటప్పుడు ఆ మెకానిక్కు క్యాసెట్టును మాస్టరు చేతిలో పెట్టి పోయాడు. చెమట చేతులకు దాని మీది కాగితం ఎప్పుడో అరిగిపోయింది. పాటగాడి పేరు మాస్టరుకు చివరిదాకా తెలియదు. 'అమెరికాయన' అనేవాడు, పక్క గల్లీ మనిషిని అన్నట్టు. "ఆయన పత్తి ఏరినోడు, మనం పత్తి నేసినోళ్లం. గా లెక్కన సుట్టమేనాయె" అనేవాడు. నేను ఆ పాటను ఫోనుకు వినిపించి ఆ గొంతు ఎవరిదో కనిపెట్టాలని చాలా తిప్పలు పడ్డాను. దొరకలేదు. ఆయన నవ్వి, "పాట దొరికినంక పేరుతోని ఏం పనిరా, పిలగా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. పేరు లేకుండా పోయిన కష్టజీవుల గురించి అప్పటికే నేను మూడు చిన్న పుస్తకాలు చదివున్నాను మరి.

ఆ క్యాసెట్టులోంచి మాస్టరు పట్టుకున్నది ఒకటే సంగతి. స్వరాన్ని ఉన్నచోట ఉండనియ్యకుండా కొంచెం కిందికి వంచి, అక్కడ ఆపి, మళ్లీ వదలడం. మా గల్లీలో సాంచెలు నడిపే ఒకాయన చనిపోయినప్పుడు శవం ముందు మాస్టరు అలా ఊదడం మొదటిసారి విన్నాను. నాకు అప్పుడు ఏడుపు రాలేదు, ఒళ్లు చల్లబడింది. తరవాత అడిగితే చెప్పాడు: "ఏడుపుకు, నవ్వుకు నడుమ సన్నటి సందు ఉంటదిరా. అమెరికాయన గా సందుల నిలబడ్డడు. నేను దొంగసూపు సూసి నేర్సుకున్న."

ఆ రోజే ఇంకో మాట కూడా అన్నాడు. "దుఃఖమస్తె డోలు కొట్టచ్చు. ఏడ్సుకుంట క్లారినెట్టు ఊదరాదు, గాలి తెగిపోతది. ఊదేటోడు అందరి ఎనుక ఏడ్వాలె."

ఇంటరు తప్పాక నేను యూనియను ఆఫీసులో కూర్చుని దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ని. చిన్న చిన్న పుస్తకాలు, అట్ట ఊడినవి, సగం పేజీలు లేనివి. బానిసల గురించి, పత్తి గురించి ఒకటి దొరికింది. ఒక్క బిగిన చదివి మాస్టరు ఇంటికి ఉరికాను.

"మాస్టరూ! మీ అమెరికాయనది ఉత్త పాట కాదు. పోరాటం పాట! నాకిప్పుడు సమజైంది."

ఆయన హార్మోనియం తోలుకు అతుకు వేస్తున్నాడు. తల ఎత్తలేదు. "కాదురా" అన్నాడు. "కొట్లాట ఓడిపోయి, ఇంటికచ్చి, కాళ్లు కడుక్కొని, గడప మీద కూసొని పాడుకునేది."

"ఓడిపోతే పాటెందుకు?"

"ఓడినోడు తెల్లారి మళ్ల పనికి పోవాలె గద. గెలిచినోనికి పాటతోని ఏం పని? వానికి బ్యాండు సాలు."

"మరి మీరు గా బ్యాండే గదా!"

లోపలి నుంచి ఆయన భార్య పెద్దగా నవ్వింది. ఆమెను నేను పెద్దమ్మ అంటాను. "మంచిగన్నవ్ రా! అడుగు, ఇంకా అడుగు" అంది. మాస్టరు కూడా నవ్వాడు. నేనొక్కణ్నే నవ్వలేదు. ఆ రోజుల్లో నాకు నవ్వడమంటే రాజీపడటం.

ఇక ఆ కడుపుమంట సంగతి.

మూడేండ్ల కింద సాంచెల కార్మికులు కూలి పెంచమని సమ్మె చేశారు. మా గల్లీలో సాంచెలు ఆగిపోయి మూడో వారం. అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి పసిపిల్లలు నిద్రపోయేవాళ్లు కాదు. మా ఇంట్లో పూటకూ పూటకూ మధ్య దూరం పెరుగుతోంది. ఆ వారంలోనే సాంచెలున్న ఒక సేటు బిడ్డ పెండ్లి. అల్లుడిది కోరుట్ల. ఎదురుకోళ్లకు బ్యాండు మాస్టరుదే. మగపెండ్లివాళ్లు ఊళ్లో దిగగానే ఆడపెండ్లివాళ్లు బ్యాండుతో ఎదురెళ్లి తీసుకువస్తారు కదా, దానికి.

ముందురోజు పోయి అడిగాను. "పోవద్దు మాస్టరూ. మనోళ్లు పస్తులుంటున్నరు, మీరు వాని ముంగట బ్యాండు ఊదుతరా?"

"పిల్లకు మాటిచ్చిన."

"ఏ పిల్లకు?"

"పెండ్లిపిల్లకు. ఏం పాట కావాలె బిడ్డా అంటె, చిన్నప్పుడు వాళ్ల షెడ్డుల నూలు కండెలు చుట్టే అవ్వ ఒకామె పాడుతుండెనట, గది ఊదుమన్నది. గా అవ్వ ఎవరో కనుక్కొని, ఆమె దగ్గరికి పోయి నేర్సుకొని మరీ అచ్చిన." అని ఆగి, "పెండ్లి సేటుది కాదురా. గా పిల్లది" అన్నాడు.

నేను ఆ మాట వినలేదు. అంటే, చెవిన పడింది. నా దగ్గర దానికి జవాబు తయారుగా ఉంది. మనిషికి జవాబు తయారుగా ఉన్నప్పుడు చెవులు పనిచేయవు. ఇది ఏ కరపత్రంలోనూ లేదు. నా ఒంటి మీద నేర్చుకున్నాను.

మరునాడు యూనియనువాళ్లం నలుగురం అడ్డం పోయాం. నినాదాలు ఇవ్వాలనే అనుకున్నాం. మాస్టరు ముందు వరసలో, కళ్లు మూసుకుని, క్లారినెట్టు ఎత్తి ఊదుతున్నాడు. "ఆపుండ్రి!" అని అరిచాను. ఆయనకు వినబడలేదు. ఆయన ఊదేటప్పుడు ఈ లోకంలో ఉండడని నాకు తెలుసు. తెలిసీ, నన్ను లెక్కచేయలేదని రేగిపోయాను. రెండు చేతులతో క్లారినెట్టు పట్టుకుని గుంజాను.

నోట్లో బిగించి ఉన్న వాయిద్యాన్ని గుంజితే ఏమవుతుందో ఆలోచించలేదు. ఆయన పై పెదవి చీలింది. ముందు పన్ను ఒకటి విరిగింది. తెల్ల చొక్కా మీద నెత్తురు. బ్యాండు ఆగింది. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, గల్లీ చివర గడపలో నిలబడ్డ ఒక ముసలామె ఆ పాట మిగతా చరణం పాడుతూ వినిపించింది. బ్యాండు ఆగిన సంగతి ఆమెకు ఇంకా తెలియలేదు. కండెలు చుట్టే అవ్వ. మా వాళ్ల పాట. సేటు బిడ్డ పెండ్లిలో మా వాళ్ల పాట మోగుతుంటే, దాన్ని ఆపినవాణ్ని నేను.

పెండ్లివాళ్లు నన్ను పట్టుకున్నారు. రెండు తగిలించారు. పోలీసులు వచ్చారు. మాస్టరు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, నత్తి నత్తిగా, "ఎవ్వలేం చెయ్యలే. నేనే జారిపడ్డ" అన్నాడు. రెండుసార్లు అడిగినా అదే అన్నాడు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే.

ఆయన కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. ఆయన దయ చూపించడం నాకు ఇంకా పెద్ద అవమానమనిపించింది. నేను చేసింది తప్పయితే కేసు పెట్టాలి, ఒప్పయితే నాతో నిలబడాలి, ఈ నడుమ దారి ఏంది అని మా అమ్మ మీద అరిచాను. మా అమ్మ చేతిలో ఉన్న చీపురు పారేసి, "ముందుగాల గా మనిషి అన్నం ఎట్ల తింటున్నడో పోయి సూసిరా" అంది. పోలేదు. వారం తిరగకుండా జగిత్యాలకు వచ్చేశాను.

ఆ పన్ను పోయాక క్లారినెట్టు పట్టు చిక్కలేదు. పెదవి అతికింది కానీ గాలి పక్కల నుంచి పోయేదట. డోలు అన్న ఫోనులో చెప్పేవాడు. నేను అడిగేవాణ్ని కాదు, ఆయనే చెప్పేవాడు. "మాస్టరు మౌతార్గాన్ పట్టిండు. దానికి పన్నుతోని పని లేదట. అమెరికాయనకు వేళ్లు పోలేదా, నాకు పన్ను పోయింది, ఇద్దరం సమానమైనం అంటున్నడు." అన్న నవ్వుతూ చెప్పేవాడు. నేను ఫోను పెట్టేసి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీకి పూలు అతికించేవాణ్ని. ఎన్నిసార్లు అనుకున్నానో: ఈ ఆదివారం పోతాను, పండుగకు పోతాను, కొంచెం నిలదొక్కుకున్నాక పోతాను.

నిరుడు ఎండాకాలం పని మీద కోరుట్ల పోయాను. బస్టాండులో సిరిసిల్ల బస్సు ఆగేచోట మాస్టరు నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. నా కాళ్లు ముందుకు పోలేదు, వెనక్కి పోయాయి. ఆగి ఉన్న ఒక బస్సు చాటుకు పోయి, పెనం లాంటి ఎండలో నిలబడ్డాను. ఆయన బస్సు వచ్చేదాకా అలాగే ఉందామనుకున్నాను. కొంతసేపటికి మెట్‌పల్లి బస్సు వస్తే అది ఎక్కి వెళ్లిపోయాడు. నేను బయటికి వచ్చి ఏమనుకున్నానో తెలుసా? మెట్‌పల్లిలో ఏ పసుపు వ్యాపారి ఇంట్లోనో పెండ్లి ఉంటుంది, ఊదడానికి పోతున్నాడు అనుకున్నాను. అంత ఎండ దెబ్బకు కూడా నా బుద్ధి మారలేదు.

మాస్టరు పోయిన రోజు ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని బస్సులో సిరిసిల్ల చేరేసరికి పాడె కట్టేశారు. బ్యాండువాళ్లంతా వచ్చారు. ట్రంపెట్టు ఊదేవాళ్లు ఒక్కొక్కరే నోటికి ఆనించడం, గాలి తెగి దించేయడం. చివరికి అందరూ దించేశారు. కాటిదాకా డోలొక్కటే మోగింది. నేను అందరికన్నా వెనక నడిచాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పదకొండొద్దుల నాడు చుట్టాలు పోయాక పెద్దమ్మ దగ్గరికి పోయాను. వాకిట్లో గిన్నెలు బోర్లిస్తోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"పెద్దమ్మా..."

"నువ్వేం చెప్పనీకి అచ్చినవో నాకెర్కే. చెప్పకు. నాకు చెప్తె ఏమస్తది?"

నేను నిలబడే ఉన్నాను.

"ఆయనకు నీ మీద కోపం లేకుండె. నాకుండె" అంది. "ఇంకున్నది. మూడేండ్లు ఆయనకు అన్నం మెత్తగ పిసికి పెట్టిన. కోపముండదా?"

"ఉంటది పెద్దమ్మా."

ఒక గిన్నె బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చుంది. "కోరుట్ల బస్టాండుల దాక్కున్నవట గద?"

"ఆయన సూసిండా?"

"సూడకేం! గా ఎండల బస్సెనుక నీ కాళ్లు కనబడ్డయట. సిరిసిల్ల బస్సు ఎప్పుడస్తదో ఏమో, గందాక పోరడు ఎండల మాడిపోతడని మెట్‌పల్లి బస్సెక్కిండు. మెట్‌పల్లిల దిగి, ఛాయ్ తాగి, మళ్ల కోరుట్లకచ్చి, అక్కడినుంచి ఇంటికచ్చెవరకు దీపాలు పెట్టిన యాళ్లాయె. ఏమైందయ్యా అంటె, పిలగాడు ఇంకా సిగ్గుపడుతుండు, సిగ్గుపడేటోడు ఎన్నడో ఒకనాడు అస్తడు, అన్నడు."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు. గిన్నెలన్నీ బోర్లించడం అయ్యాక, చేతులు కొంగుకు తుడుచుకుని అంది: "శుక్రవారం కోరుట్లల పెండ్లున్నది. ఆయన ఒప్పుకున్నదే. తాళాలు కొట్టేటోనికి జరమచ్చిందట. నువ్వు పో."

"నాకు రాదు పెద్దమ్మా."

"రెండు సేతులున్నయి గద. డోలాయన సెప్తడు."

నేను తలూపాను. ఊపి, "ఎవరింట్ల పెండ్లి?" అన్నాను.

"నువ్వింకా గదే అడుగుతున్నవ్" అంది. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అంది. "ఏం పాట కావాల్నో అడుగురా, పోరడా."

మాస్టరు చేసిన ప్రతిదాన్నీ నేను ఒప్పుకోలేను. పస్తులున్న గల్లీ పక్కన బ్యాండు మోగవచ్చునా అన్న ప్రశ్న నాలో ఇంకా రగులుతూనే ఉంది. ఆయన ఉంటే కూర్చుని కొట్లాడేవాణ్ని. ఆ కొట్లాట ఆయన నోట్లోంచి మాట వచ్చేలా చేయాల్సింది. నేను నెత్తురు వచ్చేలా చేశాను.

శుక్రవారం కోరుట్ల పోయాను. పెండ్లిపిల్లను పాట అడిగాను. అడగడానికి నోరు రాక రెండుసార్లు తడబడితే ఆమె నవ్వి, తల్లి కొంగు చాటున నిలబడి, చెప్పింది. ఆ ఇల్లు ఎవరిదో నేను కనుక్కోలేదు.

బ్యాండువాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మాస్టరు పోతే ఏడాది తిరిగేదాకా ముందు వరసలో ఆయన జాగాలో ఎవరూ నిలబడరు. అది తెలియక వరస కడుతుంటే నేను పోయి అక్కడే నిలబడ్డాను. డోలు అన్న నా అంగీ కాలరు పట్టుకుని వెనక్కి లాగి, "నీది నా పక్కన" అన్నాడు. నడక మొదలైంది. ఒకచోట గల్లీ ఇరుకైంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఆపి ఉన్న ట్రాక్టరు. ఖాళీ పూడ్చుకుని దగ్గరికి జరిగితే సులువుగా పోవచ్చు. ఎవరూ జరగలేదు. ట్రంపెట్లవాళ్లిద్దరూ చెరో పక్కకు ఒరిగారు. ఒకరి భుజానికి గోడ సున్నం, ఇంకొకరి మోచేతికి ట్రాక్టరు గ్రీజు అంటుకుంటుంటే ఊపిరి బిగబట్టి ఊదుతూనే నడిచారు. వాళ్ల నడుమ ఒక మనిషి పట్టేంత జాగా, మా అందరికన్నా ముందు, ఆ ఇరుకులోంచి తీరిగ్గా నడిచిపోయింది.